అనంతపురం ఎండలో రెండు ఆర్చ్‌టాప్‌లు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆర్చ్‌టాప్ అంటే పైచెక్క వంపుగా ఉబ్బి ఉండే గిటారు. నా దగ్గరున్న రెంటిలో ఒకటి గిబ్సన్ కంపెనీ ఈఎస్-175 తరహాది. 16 అంగుళాల బాడీ, మేపుల్ ప్లై (పొరలు అతికించిన) పైచెక్క, ఆ చెక్కనే కోసి బిగించిన రెండు హంబకర్లు (తీగ కదలికను ఆంప్‌కు పంపే పికప్‌లలో ఒక రకం), 24¾ అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు). రెండోది ఎల్-5 తరహాది. 17 అంగుళాల బాడీ, దిమ్మ నుంచి చెక్కి తీసిన స్ప్రూస్ పైచెక్క, పైచెక్కకు తగలకుండా పిక్‌గార్డుకు బిగించిన ఒకే ఒక్క పికప్, 25½ అంగుళాల స్కేలు. రెండూ గిబ్సన్‌వి కావు, ఆ అచ్చులో వేరేవాళ్లు చేసినవి. గిబ్సన్ ఎల్-5ను తెచ్చిన 1922లో గిటారుకు ఆంప్ (ఆంప్లిఫయర్) అన్న మాటే లేదు. బ్యాండులో వినబడాలంటే చెక్కే అరవాలి. 1949లో వచ్చిన 175 మాత్రం మొదటి నుంచీ ఆంప్‌ను నమ్ముకున్న గిటారు.

కేబుల్ పెట్టకుండా వాయిస్తే పోలికే లేదు. స్ప్రూస్ మీద నాలుగు స్వరాల కార్డు కొడితే నాలుగూ విడివిడిగా వినబడతాయి, చప్పున లేచి చప్పున పడిపోతాయి. ప్లైది మూత పెట్టిన గిన్నె మోత. ఆంప్‌కు తగిలించగానే కథ తిరగబడుతుంది. ప్లైలో పిక్ తగిలిన క్షణం ‘టక్’మని చిన్న చెక్క చప్పుడు, దాని వెంటే గుండ్రటి స్వరం. జాజ్ గిటారిస్టులు జో పాస్, జిమ్ హాల్ 175ను పట్టుకున్నది ఈ ముద్ద స్వరం కోసమేననిపిస్తుంది. నెక్ పికప్ పెట్టి టోన్ నాబ్ 4 దగ్గర ఉంచితే చాలు. 3 కిందకు దిగితే కార్డులు సంగటి ముద్దలా కలిసిపోతాయి. ఆంప్‌లో బాస్ 3, మిడ్ 6, ట్రెబుల్ 4 నుంచి మొదలుపెట్టండి. కడప బండలు పరిచిన ఖాళీ గదిలో ట్రెబుల్ గీసినట్టు వస్తుంది, ఆంప్ ముందు ఒక జంపఖానా పరిస్తే సగం తగ్గుతుంది.

నిజానికి జనం చెక్కకు కట్టబెట్టే ఘనతలో చాలావరకు తీగలదే. రెంటికీ 12-52 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఫ్లాట్‌వౌండ్, అంటే చదును చుట్టు ఉన్న తీగలు వేస్తే తేడా బాగా తగ్గుతుంది. మూడో తీగ కూడా చుట్టు తీగే ఉన్న సెట్టు తీసుకోండి. బ్రిడ్జి మీద తీగలు ఆనే చెక్క శాడిల్స్‌లో చాలావాటికి మెట్లు దానికి సరిపోయేలా కోసి ఉంటాయి. ఉత్త తీగ వేస్తే ఫ్రెట్టు నొక్కినప్పుడల్లా మూడో తీగ శ్రుతి పైకి పోతుంది. ఒకే సెట్టు వేసినా పొడుగు స్కేలు మీద బిగువు సుమారు 6 శాతం ఎక్కువ. రెండు గంటల తర్వాత ఎడమ చేతికి ఆ 6 శాతం బాగా తెలుస్తుంది. 17 అంగుళాల బాడీ కుడి భుజాన్ని కూడా పైకి ఎత్తేస్తుంది.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, స్ప్రూస్ పలక ఎంత? కానీ ఎండకంటే కూలర్ ఎక్కువ చెరుపు చేస్తుంది. రాత్రంతా కూలర్ తడిగాలి తగిలితే పైచెక్క ఉబ్బి యాక్షన్ (ఫ్రెట్ల నుంచి తీగల ఎత్తు) లేస్తుంది. పగలు ఆపేస్తే చెక్క దిగి, తీగలు ఫ్రెట్లకు తగిలి బరబరమంటాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 2 మిల్లీమీటర్లకు పెట్టుకుంటే మర్నాటికి 2.5. దీన్ని బ్రిడ్జి ఎత్తు మార్చే చక్రాలు తిప్పి సరిచేయబోతే రోజూ అదే పని. కేసులో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచి, వాయించని వేళ గిటారును అందులోనే పెట్టాలి. ప్లైకి ఈ బాధ చాలా తక్కువ. మెడ చెక్క ఎండి ఫ్రెట్ల కొసలు అంచున గీసుకోవడం మాత్రం రెంటికీ ఉంది.

రెండింట్లోనూ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలుస్తుంది. అందుకే తీగలన్నీ ఒకేసారి విప్పొద్దు, ఒక్కొక్కటే మార్చండి. అంతకుముందే పెయింటర్లు వాడే టేపు ముక్కతో బ్రిడ్జి పాదాల చోటు గుర్తు పెట్టుకోండి. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి తెప్పించే స్వరం) నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి: నొక్కిన స్వరం ఎక్కువుంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల కొసలు తగిలించే భాగం) వైపు, తక్కువుంటే మెడ వైపు జరపండి. పాదం కింద కాగితం దూరుతోందంటే అక్కడ ధ్వని కారిపోతున్నట్టే. పైచెక్క మీద 120 నంబరు గరుకు కాగితం గరుకు పైకి వచ్చేలా పరిచి, పాదాన్ని అదే చోట మెల్లగా రుద్దితే వంపుకు అతుకుతుంది. 175 తరహా దానికి నేను చేసిన పనుల్లో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే.

వాల్యూమ్ పెంచితే ఆరో తీగ మీద జీ నుంచి ఏ దాకా, అంటే 98 నుంచి 110 హెర్ట్జ్ మధ్య, హోరు మొదలవుతుంది. బాడీలోని గాలి మోగేది కూడా ఆ దరిదాపుల్లోనే. ప్లై కాస్త తట్టుకుంటుంది. స్ప్రూస్‌దైతే డ్రమ్స్ పక్కన కూర్చోనివ్వదు. ఎఫ్-హోల్స్‌లో (పైచెక్క మీది ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో) పరుపు స్పాంజి కుక్కితే హోరు ఆగుతుంది, కానీ దానికోసమే డబ్బు పెట్టిన గాలి మోత కూడా పోతుంది. ఆంప్‌కు ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోవడం అంతకంటే మేలు. కళ్యాణ మంటపాల్లో వాయించేవాళ్లు మారుమాట లేకుండా ప్లై తీసుకోండి. ఇంట్లో ఆంప్ లేకుండా వాయించేవాళ్లకే స్ప్రూస్.

సెకండ్ హ్యాండ్‌ది చూడబోతే ఫోన్ టార్చి, చిన్న అద్దం పట్టుకెళ్లండి. ఎఫ్-హోల్ లోంచి అద్దం దించి, పైచెక్క అడుగున పట్టీలు పొడవునా అతుక్కుని ఉన్నాయో లేదో చూడండి. తర్వాత తీగల్ని అరచేత్తో ఆపి, పైచెక్కను వేలి కణుపుతో అక్కడక్కడా తట్టండి. ‘జర్ర్’మని ఎక్కడ వినబడితే అక్కడ పట్టీ వదిలింది. పిక్‌గార్డు స్క్రూ వదులైనా ఇదే మోత వస్తుంది కాబట్టి, ముందు దాన్ని వేలితో అదిమిపట్టి మళ్లీ తట్టి చూడండి.