కోహిమా యుద్ధభూమి టూరు: గైడుకి నాలుగు చుక్కలు, బండికి ఒకటిన్నర

మాది మిలిటరీ మాధవరం. ఫౌజులో 24 ఏళ్ళు చేసి సుబేదారుగా పెన్షన్ మీద వచ్చాను. మిజోరంలోని వైరెంగ్టే జంగిల్ వార్‌ఫేర్ స్కూల్లో జలగలతో కాపురం చేసినవాణ్ణి కాబట్టి, ఈ రివ్యూలో కాస్త చాదస్తం ఉంటే సర్దుకోండి.

కోహిమాలో మేం దిగిన హోమ్‌స్టే వాళ్ళు కుదిర్చిన రెండు రోజుల టూరు ఇది. బండి, గైడు, మధ్యాహ్నం భోజనం కలిపి ఇద్దరికి 14,000.

మొదటి రోజు గారిసన్ హిల్ మీది వార్ సెమెటరీ. గైడు అంగామీ అనే నాగా తెగ కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఏప్రిల్‌లో ఈ గుట్టల మీద బ్రిటిష్ ఇండియా వైపు పోరాడగలిగినవాళ్ళు 1,500 మంది, మీదికొచ్చిన జపాన్ 31వ డివిజన్ దాదాపు 15,000 అని చెప్పి ఊరుకోలేదు, డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు దగ్గర నన్ను నడవమన్నాడు. గీతలు ఇప్పటికీ తెల్లగా సిమెంటుతో గుర్తుపెట్టి ఉన్నాయి. ఆ చివర నుంచి ఈ చివరికి నా అడుగులు 31. ఈ అంచున మనవైపు సిపాయిలు, ఆ అంచున జపాన్ వాళ్ళు. అంత దూరం గ్రెనేడు నేనే విసరగలను, ఈ వయసులో కూడా.

లాన్స్ కార్పొరల్ హార్మన్ కథ మాత్రం మనవాడు గొడుగునే రైఫిల్ చేసుకుని ఆడి చూపించాడు. బాయొనెట్‌తో ఒక్కడే దూకి ఐదుగురిని చంపి, తిరిగొస్తూ తూటా తగిలి పోయాడు హార్మన్. బ్రిటిష్ వాళ్ళ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. అదే కుర్రాడు 917 మంది హిందూ, సిక్కు సిపాయిల పేర్లున్న దహన స్మారకం దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడనివ్వలేదు. ఒక చుక్క తగ్గింది అందుకే.

ఇంకోటి. ఒకచోట వానకి కోసుకుపోయిన కాలవని చూపించి ట్రెంచ్ అన్నాడు. "తమ్ముడూ, ట్రెంచ్ ఇలా తిన్నగా తవ్వరు, వంకర్లు పెడతారు. తవ్విన మట్టి శత్రువు వైపు పోస్తారు" అన్నాను. వెంటనే నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. నాకు నచ్చింది.

రెండో రోజు అదే యుద్ధంలో పోరు జరిగిన జెస్సామి, ఖరాసోం ఊళ్ళు అన్నారు. ఐదింటికి రావాల్సిన బండి ఏడున్నరకి వచ్చింది. నవంబరులో అక్కడ నాలుగున్నరకే చీకటి. వెనక టైరు గుండు. జెస్సామి చేరేసరికే పొద్దు వాలింది, ఖరాసోం ఎగిరిపోయింది. పైసా తిరిగివ్వలేదు.

చూడలేని ఖరాసోం గురించే కుర్రాడు బాగా చెప్పాడు, అదీ బండిలో కూర్చుని, గొంతు పెంచకుండా. 1944 మార్చి చివర. అస్సాం రెజిమెంటు పుట్టి మూడేళ్ళు కూడా కాలేదు. మొదటి బెటాలియన్ జెస్సామిలో, అందులోదే ఒక కంపెనీ (బెటాలియన్‌లో ఒక దళం) కెప్టెన్ యంగ్ కింద ఖరాసోంలో. ఆఖరి మనిషి దాకా నిలబడమని ఆర్డరు. తర్వాత వెనక్కి రమ్మన్నారు గానీ ఆ కబురు యంగ్‌కి అందలేదు. రోజుల తరబడి కొట్లాడాక, ఇక మిగిలేది శవాలేనని తేలాక, కుర్రాళ్ళని రాత్రి అడవిలోకి పంపించేసి తనొక్కడే పోస్టులో ఉండిపోయాడు. ఆఖరి మనిషి దాకా అన్నారు కదా, ఆ ఆఖరి మనిషి తనే అయ్యాడు. బయటపడి కోహిమా చేరినవాళ్ళు మళ్ళీ ఆ ఊరి ముట్టడిలో నిలబడ్డారు.

శత్రువు ముక్కు కింద నుంచి రాత్రిపూట కంపెనీని జారుకోనివ్వడం ఎంత కష్టమో వైరెంగ్టేలో చూశాను. ఉత్త ప్రాక్టీసులోనే ఒకడి మెస్ టిన్ (తిండి గిన్నె) బండకి తగిలి టంగుమంది, ప్లాటూనంతా "చచ్చింది". దాడిలో ముందుండటం మాకు చాలామందికి వచ్చు. ఆర్డరు ఇంకోలా ఉన్నా, మీరు పొండిరా అనగలిగిన సాబ్, అంటే ఆఫీసరు, ఒక్కడైనా నాకు తగిలాడా అని బండిలో లెక్కేసుకున్నాను. పేరు చెప్పను గానీ, ఒకాయన ఉన్నాడు.

వెళ్ళేవాళ్ళకి: జెస్సామి మణిపూర్‌లోకి వస్తుంది, నాగాలాండ్‌తో పాటు దానికీ ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్ళకి ప్రవేశ అనుమతి) తీసుకోండి. టైర్లు ముందు రోజే చూసుకోండి. భోజనంలో పొగబెట్టిన పంది మాంసం, ఆకుకూర ఉడకబెట్టిన నీళ్ళు. మా ఆవిడ గోంగూర పచ్చడి సీసా తీసింది, డ్రైవరు సగం ఖాళీ చేశాడు.