అరకు సంతలో కొన్న పదకొండు పేటల దండ

నల్లపూసలు తెగితే కంసాలి దగ్గరకు పంపకుండా నేనే గుచ్చుకునే అలవాటు నాది. అందుకే అరకు వారపు సంతలో ఈ దండ చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పి ముడులు చూశాను. కొక్కెం లేదు. ఒక కొసన చొక్కా గుండీ, రెండో కొసన దారపు ఉచ్చు. పదకొండు పేటలు, దేని ముడి దానిదే. 350 రూపాయలన్నారు, బేరమాడలేదు.

అమ్మిన పెద్దావిడ మెడనిండా ఇలాంటి దండలే. నా దండలో రెండు పేటలు చెంపకు ఆనించి చూస్తే గాజులా చల్లగా తగల్లేదు. ప్లాస్టిక్! అడిగితే, "అన్నీ గాజువైతే మెడ లాగేస్తుందమ్మా" అని నవ్వి, "ఎర్రవి మాత్రం తడపకు" అన్నారు. బరువు సంగతి ఆవిడ చెప్పిందే నిజం. కానీ ఆ పసుపు ప్లాస్టిక్ పూసలకు అచ్చులో పోసినప్పటి అంచు మిగిలిపోయి మెడ గీరుకుంటోంది. అది మాత్రం నాకు నచ్చలేదు.

గాజు పూసలను భూతద్దంలో చూశాను. లోపలి గాలి బుడగలు రంధ్రం వెంట సన్నగా సాగి ఉన్నాయి. అంటే కరిగిన గాజును గొట్టంలా లాగి, ముక్కలుగా కోసిన పూసలు. మన శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో తరతరాలుగా చేసింది ఈ పద్ధతిలోనే. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లోనూ ఇలా లాగి చేసిన పూసలు బయటపడ్డాయి. 350 రూపాయల దండలో అంత పాత పనితనం!

ఐదు నెలలు వాడాక మనవడు పట్టి లాగితే ఒక పేట తెగింది. మిగతా పది కదలలేదు. నిరుడు ఒక ప్రదర్శనలో 'గిరిజన నగ' అని 900 పోసి కొన్నది మొత్తం ఒకే దారం మీద ఉండేది. అది తెగిన నాటి పూసలు ఇప్పటికీ మంచం కింద ఊడిస్తే దొరుకుతున్నాయి.

ఇక ఎర్రవాటి సంగతి. పెళ్లిలో చెమట పట్టి తెల్ల జాకెట్టు మెడ గులాబీ రంగుకు తిరిగింది. గాజులో కలిసిన రంగు కాదది, పైపూత. చెప్పినా విననిది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

తెగిన పేటలో ఎర్రవి తీసేసి, మా అమ్మమ్మ పూసలవాళ్ళ దగ్గర కొని డబ్బాలో దాచిన పచ్చ పూసలు గుచ్చాను. ఏడు తక్కువయ్యాయి. గుండీ దగ్గర ఆ పేట కొంచెం ఎగదన్నుతోంది.