ఎదురుగా రెండు మేడలు: ఒకటి హోటల్, ఒకటి మ్యూజియం

పారిస్‌లో ప్లాస్ ద లా కాంకార్డ్ చౌరస్తాలో నిలబడి ఉత్తరం వైపు చూస్తే అచ్చం ఒకేలా ఉండే రెండు భవనాలు కనిపిస్తాయి. మధ్యలో ర్యూ రాయల్ వీధి. రెండింటి ముఖభాగాలూ 15వ లూయీ రాజు కాలంలో గాబ్రియేల్ అనే ఆర్కిటెక్ట్ గీసినవే. పడమటిది ఓతెల్ ద క్రియోన్, అదే హోటల్; తూర్పుది ఓతెల్ ద లా మరీన్, అది మ్యూజియం. ఫ్రెంచిలో ఓతెల్ అంటే పెద్ద భవంతి అని కూడా అర్థం. పాత మేడను హోటల్ చేస్తే ఏమవుతుందో, చెయ్యకపోతే ఏమవుతుందో ఒక్క పూటలో చూసేయొచ్చు.

క్రియోన్ ప్రభువుల కుటుంబం 1788లో కొన్న ఇల్లు 1909లో హోటల్ అయ్యింది. మళ్లీ 2013లో మూసేసి, పాత సామానంతా వేలం వేసి, నాలుగేళ్లు పనిచేసి తెరిచారు. 147 గదులు 124కి తగ్గాయి. ఇప్పటి వాళ్లకు లగ్జరీ అంటే ముందు పెద్ద బాత్రూమే కదా! 18వ శతాబ్దపు ఇంట్లో ఆ పైపులూ ఏసీలూ ఎక్కడో ఒకచోట దూర్చాలి. ముఖభాగం, పెద్ద సలోన్లు (అతిథులు కూర్చునే హాళ్లు) మాత్రం చారిత్రక కట్టడాలు కాబట్టి ఇష్టమొచ్చినట్టు మార్చే వీల్లేదు. గది అద్దె రోజుకు వెయ్యి యూరోలు పైమాటే. మాలాంటి వాళ్లం టీ సలోన్ వరకే, అదీ ముందుగా బుక్ చేసుకుని.

మరీన్ కూడా దాదాపు అదే దారి పట్టబోయింది. మొదట రాజుగారి ఫర్నిచర్ దాచే కొట్టు, ఫ్రెంచి విప్లవం నుంచి 2015 దాకా నౌకాదళం ఆఫీసు. దాన్ని దీర్ఘకాలం లీజు మీద ప్రైవేటుకు ఇచ్చేద్దామని ప్రభుత్వం అనుకుంటే పెద్ద గొడవైంది. మాజీ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాం అధ్యక్షతన కమిటీ కూడా వేశారు. చివరికి 2021లో మ్యూజియంగా జనానికి తెరిచారు.

నాకు తెగ నచ్చింది కొట్టు అధికారి కాపురమున్న గదులు. గోడల మీది రంగు పొరలు ఒక్కొక్కటీ తీసుకుంటూ వెళ్లి అసలు 18వ శతాబ్దపు అలంకరణను బయటపెట్టారు. భోజనాల బల్ల మీద ఆల్చిప్పలు, అతిథులు ఇప్పుడే లేచి వెళ్లినట్టు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మనం గది మారగానే కథ దానంతటదే మారుతుంది, బటన్లు నొక్కే పనే లేదు.

1792 సెప్టెంబరులో దొంగలు పడి రాజాభరణాలు ఎత్తుకుపోయింది ఇక్కడినుంచే. అందులో రీజెంట్ వజ్రం ఉంది. ఎక్కడిదో కాదు, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిది! మరుసటి ఏడాది దొరికింది, ఇప్పుడు లూవ్ర్ మ్యూజియం సొత్తు. కొల్లూరేమో పులిచింతల నీళ్లకింద ఉంది. ఈ ముక్క ఆడియోలో చెప్తారేమోనని చెవులు రిక్కించి విన్నాను, రాలేదు.

హోటల్ చేయడం తప్పనడం లేదు. వందేళ్లుగా ఆ కప్పు నిలబడడానికి అతిథుల డబ్బే ఆధారం. కాకపోతే చూడ్డానికి వచ్చినవాళ్లకు మరీన్ టికెట్టే లాభం. పెద్ద టూర్ తీసుకోండి, అందులో స్తంభాల వసారా కూడా వస్తుంది. అక్కడినుంచి చూస్తే 16వ లూయీ రాజుకీ రాణి మరీ ఆంట్వానెట్‌కీ తలలు తీసిన మైదానమంతా కళ్లముందుంటుంది.

బస మోంపార్నాస్ వైపు చూసుకుంటే తక్కువలో దొరుకుతుంది, మెట్రో 12 నేరుగా కాంకార్డ్‌కి వస్తుంది. మేం దిగిన హోటల్లో లిఫ్టులో మనిషైనా పట్టాలి, సూట్‌కేసైనా పట్టాలి. సామాను తక్కువ తెచ్చుకోండి.