సచేత్‌కు మంచి మార్కులే, కోత పడేది దాని వెనకున్న కుర్చీకే

వరదొస్తే పడవ పంపేది ఒకరు, భోజనం పొట్లాలు పంచేది ఇంకొకరు, నష్టం రాసుకెళ్లేది మరొకరు. ఇవేవీ జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, అంటే ఎన్డీఎంఏ, స్వయంగా చేసే పనులు కావు. ఆ సంస్థ పని మన చేతిదాకా వచ్చేది ప్రధానంగా ఫోన్‌లో మోగే హెచ్చరికగానే. కాబట్టి ముందు దాని సచేత్ యాప్ సంగతి, తర్వాత దాన్ని నడిపేవాళ్ల సంగతి.

సచేత్‌ను కట్టింది కేంద్ర టెలికాం శాఖ పరిశోధన సంస్థ సీ-డాట్. వాతావరణ శాఖ, కేంద్ర జల సంఘం, హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ లాంటి సంస్థలు తయారుచేసిన హెచ్చరికలు ఇందులోకి వస్తాయి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ వాటిని చూసి, ఆమోదించి వదిలితే టెలికాం కంపెనీల మీదుగా ఎస్సెమ్మెస్‌లు వెళ్తాయి. అందరూ ఒకే నమూనాలో రాయాలి కాబట్టి ప్రతి హెచ్చరికలోనూ మూడు అంచనాలు ఉంటాయి: ఎంత త్వరగా, ఎంత తీవ్రంగా, ఎంత కచ్చితంగా. వీటికన్నా ముందు చూడాల్సింది గడువు. పిడుగు హెచ్చరికకు ఆయుష్షు సాధారణంగా మూడు గంటలే. పొద్దున వచ్చినదాన్ని సాయంత్రం ఫార్వర్డ్ చేస్తే భయం తప్ప ప్రయోజనం లేదు.

ఇక మాటలు. "జిల్లాలో అక్కడక్కడ భారీ వర్షం" అని ఉంటే చాలామంది కొట్టిపారేస్తారు. వాతావరణ శాఖ లెక్కలో "అక్కడక్కడ" అంటే ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా, "కొన్నిచోట్ల" అంటే సగం దాకా, "చాలాచోట్ల" అంటే ముప్పావు వంతు దాకా. "భారీ" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు, "అతి భారీ" అంటే 204.4 దాకా, ఆ పైన "అత్యంత భారీ". ఇది తెలిస్తే అదే మెసేజ్ వేరుగా కనిపిస్తుంది. "అక్కడక్కడ అతి భారీ" అన్నది తేలికపాటి కబురు కాదు. నీళ్లు ఎక్కడ పడతాయో చెప్పలేం గానీ, పడినచోట మాత్రం కాలువ పొంగుతుంది అని దానర్థం. ఈ వివరణ యాప్‌లోనే, మెసేజ్ పక్కనే పెట్టి ఉండాల్సింది.

యాప్ పెట్టుకోగానే తెలుగు ఎంచుకుని, లొకేషన్‌కు "ఎప్పుడూ" అనుమతి ఇవ్వాలి. "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని వదిలేస్తే, మీరు ప్రయాణంలో ఉన్నా అది పాత ఊరి హెచ్చరికలే చూపిస్తుంది. రెండోది బ్యాటరీ సేవర్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వాడని యాప్‌లను నిద్రపుచ్చుతాయి, సచేత్ రోజూ తెరిచే యాప్ కాదు గనుక ముందు వేటు దాని మీదే. బ్యాటరీ సెట్టింగ్‌లలోకి వెళ్లి దానికి మినహాయింపు ఇవ్వండి. అమ్మానాన్న వేరే జిల్లాలో ఉంటే ఆ జిల్లానూ చేర్చుకోవచ్చు, బాగా పనికొచ్చే సదుపాయం ఇదే.

యాప్ లేకున్నా పనిచేసేది సెల్ బ్రాడ్‌కాస్ట్, 2023లో విడతలవారీగా జరిగిన పరీక్షల్లో ఫోన్లు కూతపెట్టింది దీనివల్లే. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకూ విడివిడిగా వెళ్లాలి, రద్దీలో వరుస కడుతుంది. బ్రాడ్‌కాస్ట్ టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి పడుతుంది, నంబరుతో పనిలేదు. సెట్టింగ్‌లలో "వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్" ఆపి ఉందేమో చూసుకోండి, ఆ కూతకు జడిసి తీసేసినవాళ్లు తక్కువేం కాదు.

లోపం ఎక్కడంటే, గురి. మ్యాప్ మీద ఎంత చిన్న ప్రాంతాన్నైనా గీసి పంపే వీలు ఈ వ్యవస్థలో ఉంది. అయినా మెసేజ్ జిల్లా మొత్తానికీ పోతుంటే ఎండ కాస్తున్న మండలాల్లో అది "నాన్నా పులి" అయిపోతుంది. మరో బలహీనత ఎన్డీఎంఏ చేతిలో లేదు: 2014 హుద్‌హుద్‌లో విశాఖలో జరిగినట్టు కరెంటు, టవర్లు రెండూ పోతే ఏ యాప్ అయినా బొమ్మే. తుపాను తీరం దాటాక ఆధారం బ్యాటరీ రేడియో.

ఇప్పుడు కుర్చీ. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ఎన్డీఎంఏకు ప్రధానమంత్రే అధ్యక్షుడు, గరిష్ఠంగా తొమ్మిది మంది సభ్యులు, వారిలో ఒకరిని ఉపాధ్యక్షుడిగా నియమించవచ్చు. "వచ్చు" అన్న ఆ చిన్న మాటలోనే ఉంది తిరకాసు. ప్రధాని రోజూ వచ్చి ఫైళ్లు చూడలేరు, ఆ పని ఉపాధ్యక్షుడిదే కావాలి. జనరల్ ఎన్.సి. విజ్, ఆయన తర్వాత మన మర్రి శశిధర్ రెడ్డి ఆ స్థానంలో ఉన్నారు. 2014లో శశిధర్ రెడ్డి రాజీనామా చేశాక ఏళ్ల తరబడి దాన్ని నింపలేదు. సభ్యుల్లో సమర్థులున్నారు గానీ, ఒక మంత్రిత్వ శాఖను నిలదీయాలంటే సభ్యుడి హోదా చాలదు.

అధికారం కూడా రెండుగా చీలి ఉంటుంది. విధానాలు, మార్గదర్శకాలు ఎన్డీఎంఏవి. అమలు మాత్రం కేంద్ర హోం కార్యదర్శి అధ్యక్షతన ఉండే జాతీయ కార్యనిర్వాహక కమిటీది. 2020 మార్చి 24న ఇది కళ్లకు కట్టింది: లాక్‌డౌన్ చర్యలు తీసుకోమని సెక్షన్ 6 కింద ఎన్డీఎంఏ ఒక ఉత్తర్వు ఇస్తే, జనం నిజంగా పాటించాల్సిన ఉత్తర్వు అదే రోజు సెక్షన్ 10 కింద హోం శాఖ నుంచి వచ్చింది. జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్డీఆర్‌ఎఫ్, సంగతీ అంతే. చట్టంలో పర్యవేక్షణ ఎన్డీఎంఏది, దళాన్ని నడిపేది డైరెక్టర్ జనరల్, దళం ఉండేది హోం శాఖ కింద. గన్నవరం దగ్గర కొండపావులూరులోని పదో బెటాలియన్ కదలాలన్నా ఎన్డీఎంఏ సభ్యుడి ఫోన్ కోసం ఎవరూ కాచుకుని కూర్చోరు. ఆ కార్యనిర్వాహక కమిటీ 2008 మే తర్వాత సమావేశమే కాలేదని, ఎన్డీఎంఏ చేపట్టిన పెద్ద ప్రాజెక్టుల్లో ఒక్కటీ పూర్తి కాలేదని 2013లో కాగ్ రాసింది.

చట్టానికి 2025లో చేసిన సవరణతో జాతీయ ప్రణాళిక రాసే పని ఆ కమిటీ నుంచి ఎన్డీఎంఏకు మారింది, విపత్తుల డేటాబేస్ కూడా వచ్చింది. రాత పని పెరిగింది, ఆజ్ఞాపించే బలం పెద్దగా పెరగలేదు. తీరంలో తుపాను షెల్టర్లు కట్టించిన జాతీయ ప్రాజెక్టుకు మాత్రం ఎన్డీఎంఏకు నిండు మార్కులివ్వాలి, కాంక్రీటులో కనిపించే పని అది.

నీళ్లు గుమ్మం దాకా వచ్చినప్పుడు ఢిల్లీ నంబరు 1078 కొట్టకండి, ఆ ఫోన్ తిరిగి తిరిగి మీ జిల్లాకే రావాలి. చట్టం ప్రకారం జిల్లా విపత్తు సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే, పడవలు, బడి గదులు, జేసీబీలు స్వాధీనం చేసుకునే అధికారమూ ఆ స్థాయిలో ఉంది. ముందు జిల్లా కంట్రోల్ రూమ్ 1077, తర్వాత రాష్ట్రానిది 1070, ప్రాణాపాయమైతే నేరుగా 112. ఊరి పేరుతో పాటు మండలం, దగ్గర్లోని గుడో బడో, ఎంతమంది ఉన్నారో, నడవలేనివాళ్లు ఎందరో ఒక్క గుక్కలో చెప్పండి, లైన్ మళ్లీ దొరక్కపోవచ్చు.