బ్విటి: లిబ్రవిల్‌లో మోసపోయాం, మువిలా దగ్గర అసలుది చూశాం

గాబన్ రాజధాని లిబ్రవిల్‌లో ఎవరైనా బ్విటి అనే ఇక్కడి సంప్రదాయ పూజ చూపిస్తామంటే డబ్బులివ్వకండి. మేమిద్దరం 1,50,000 ఫ్రాంకులు ఇచ్చాం, మన లెక్కలో ఇరవై వేల రూపాయల పైనే. సిమెంటు చేసిన పెరడు, ట్యూబ్‌లైటు, స్పీకర్లో పాటలు. ముఖానికి సుద్ద పూసుకున్న ముగ్గురు కుర్రాళ్లు గంటసేపు ఆడారు. తర్వాత గిన్నెలో ఇబోగా వేరు పొడి తెచ్చి తినమన్నారు. బ్విటిలో తినే, భ్రమలు కలిగించే వేరు అది. గుండె జబ్బుందా, మందులేమైనా వాడుతున్నారా అని ఒక్కమాట అడగలేదు! ఆ పొడి గుండె లయ తప్పించి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. మా ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

నేను లిబ్రవిల్ దగ్గరి న్కోక్ పారిశ్రామికవాడలో ప్లైవుడ్ పనిలో ఉన్నాను. నాతో పనిచేసే మిట్సోగో తెగ అతను ఈ సంగతి విని బాధపడి, "మా ఊరు రండి" అన్నాడు. వాళ్ల ఊరు మువిలా పట్టణం దగ్గర. లంబరేనె మీదుగా మువిలాకు షేర్ కారులో సీటు 15,000 ఫ్రాంకులు. లాడ్జి 20,000, నీళ్లు సాయంత్రం మాత్రమే.

ఊళ్లో పూజ నడిపే పెద్దాయనను న్గంగా అంటారు. పొద్దున్నే మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లాడు. ఇబోగా చిన్న పొద. దాని ముందు నిలబడి చాలాసేపు మాట్లాడాడు. ఒక పక్కన మాత్రమే తవ్వి, పిల్లవేరు ఒకటి కోసి, మట్టి మళ్లీ కప్పేశాడు. తల్లివేరు ముట్టుకోలేదు. చీకటి పడితే తులసి కోయనివ్వని మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఈ వేరు సంగతి తమ పెద్దలకు అడవిలో ఉండే పిగ్మీలే నేర్పారని ఆయన చెప్పాడు. దొంగచాటుగా తవ్వుకుపోయేవాళ్లు ఎక్కువై, 2019లో దేశం బయటికి పంపడం ప్రభుత్వం ఆపేసింది.

రాత్రి గుడిలో కరెంటు లేదు. ఒకుమే చెట్టు జిగురుతో చేసిన కాగడాలు వెలిగించారు. ఒంటికి పడౌక్ చెక్క నూరిన ఎర్ర పొడి, చేతిలో ఎనిమిది తీగల న్గోంబి. ఆ వాద్యంలో పలికేది ఆదితల్లి గొంతేనట. నేను రోజూ మిషన్ మీద పలకలుగా చెక్కే చెట్టు ఒకుమేనే. దాని జిగురు వాసన ఆ రాత్రి కొత్తగా అనిపించి, ఎందుకో కళ్లు చెమర్చాయి. మేం వేరు తినలేదు, ఎవరూ తినమనలేదు. తెల్లవారేదాకా పాడుతూనే ఉన్నారు. నిద్రకు ఆగలేని మా ఆవిడ కూడా అక్కణ్ణుంచి కదల్లేదు.

పొద్దున పామ్ గింజల పులుసులో కోడికూర, కర్రపెండలం పెట్టారు. డబ్బు అడగలేదు. మేమే 40,000 పెద్దాయన చేతిలో పెట్టాం. వెళ్లాలనుకుంటే వానలుండని జూన్-సెప్టెంబరు మధ్య వెళ్లండి. ఆ ఊరివాళ్లు పిలిస్తేనే వెళ్లండి.