టెస్టోస్టెరాన్‌తో ఆరేళ్లు: సుస్టనాన్ నుంచి డిపో సూది దాకా

నేను ట్రాన్స్ మ్యాన్‌ని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, నేను మగవాణ్ని. 2019 ఆగస్టులో మొదటి టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) సూది వేయించుకున్నాను. ఉండేది హనుమకొండలో. డాక్టర్ కోసం కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లేవాణ్ని. మొదట సుస్టనాన్ 250, మూడు వారాలకొకటి. ఇది పల్లి నూనెలో కలిపిన మందు, పల్లీలు పడనివాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మూడో నెలలో నెలసరి ఆగింది. చిన్నప్పటి నుంచి మోసిన బరువు దిగింది. (ఆగినంత మాత్రాన గర్భం రాదని కాదు, అది వేరే సంగతి.) ఐదో నెలలో అమ్మకు ఫోన్ చేస్తే, "ఎవరు సార్? మా బిడ్డ ఫోన్ మీకెట్ల దొరికింది?" అని కంగారుపడింది. గడ్డం నిండడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది. వీపు మీద మొటిమలు బాగా సతాయించాయి.

సుస్టనాన్‌తో నాకు కుదరనిది ఎగుడుదిగుడు. మొదటి వారం హుషారు, మూడో వారం నీరసం, చిరాకు. 2021లో పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 55కి చేరింది. అంటే రక్తం చిక్కబడింది, గడ్డ కట్టే భయం ఉంటుంది. డాక్టర్ ఒక సూది ఆపి, టెస్టోస్టెరాన్ అండెకనోయేట్ 1000 మి.గ్రా. డిపోకు (ఒంట్లో నిల్వ ఉండి మెల్లగా విడుదలయ్యే సూదికి) మార్చారు. మొదటి రెండింటి మధ్య 6 వారాలు, తర్వాత 12 వారాలకొకటి. ధర ఎక్కువే. కానీ ఏడాదికి పదిహేడు సూదులు నాలుగైదయ్యాయి, మనసు కుదురుగా ఉంది, పీసీవీ ఇప్పుడు 48.

డిపో 4 మి.లీ. చిక్కటి ఆముదం నూనె. తుంటికి మెల్లగా, రెండు నిమిషాలు పట్టేలా ఎక్కించాలి. ఒకసారి ఇక్కడి కాంపౌండర్ గబగబా నొక్కేస్తే దగ్గుతో ఊపిరాడలేదు. అప్పటి నుంచి ముందే చెప్తాను, అరగంట అక్కడే కూర్చుంటాను.

ల్యాబ్‌లో ఇంకో తంటా. పాత ఆధార్ చూసి ఆడవాళ్ల లెక్కన రిపోర్టు ఇచ్చేవారు, హిమోగ్లోబిన్ 16 ఉంటే ఎక్కువని గుర్తు పడేది. మగవాళ్ల లెక్కలో అది మామూలే. తెలియక ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను. జిమ్‌లో దొరికిందని పరీక్షలు లేకుండా వేసుకునే తమ్ముళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్త పరీక్ష తప్పదు.

మారిన గొంతు మందు ఆపినా వెనక్కి రాదు. బతుకమ్మకు అమ్మ పక్కన నిలబడి పాడేవాణ్ని. ఇప్పుడు ఆ పై శ్రుతి అందదు. పోయిన సద్దులకు అమ్మే పాట కిందికి దింపి ఎత్తుకుంది, "అందుకో కొడుకా" అంది.