మూస్ వేటకి న్యూఫౌండ్‌ల్యాండ్: ఫెర్రీ, బస, రైఫిల్

ఒంటారియోలో మూస్ (భారీ జింక) వేటకి ట్యాగ్, అంటే అనుమతి, దొరకక విసిగిపోయి, పోయిన అక్టోబర్‌లో నేనూ ఆఫీసు స్నేహితుడూ కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌ల్యాండ్ దీవికి వెళ్ళాం. 1904లో న్యూబ్రన్స్‌విక్ నుంచి తెచ్చి హౌలీ అనే ఊరి దగ్గర వదిలిన నాలుగు మూస్‌ల సంతానం ఇప్పుడు ఆ దీవంతా నిండిపోయింది. బయటి ప్రావిన్స్ వాళ్ళు మామూలుగా లైసెన్సున్న ఔట్‌ఫిట్టర్ (వేటకి గైడ్, బస ఏర్పాటు చేసేవాళ్ళు) ద్వారానే వేటకి వెళ్ళాలి. ఖర్చులో పెద్ద ముక్క అదే.

రైఫిల్ కొనడానికి ముందు మనసు .300 మాగ్నమ్ అనే బలమైన తూటా కాల్చే రకం మీదుండేది. తెలిసినవాళ్ళ దగ్గర తీసుకుని ఐదు గుళ్ళు కాల్చాక నా భుజమే వద్దంది. చివరికి దానికన్నా మెత్తగా తన్నే .30-06 తూటాకి సరిపడే టికా టీ3ఎక్స్ రైఫిల్ తీసుకున్నాను. ఉప్పుగాలి, వాన ఉన్న చోటు కదా, అందుకని స్టెయిన్‌లెస్ బ్యారెల్, సింథటిక్ స్టాక్. స్కోపు లేకుండా మూడు కిలోలే. బురదలో మోయడానికి సుఖం, కాల్చేటప్పుడు మాత్రం బాగా తంతుంది.

ఆ తన్నుకి భయపడి గొట్టం చివర మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించి, చప్పుడు పెంచే బిగింపు), భుజానికి ఆనే చోట మందపాటి రబ్బరు ప్యాడ్ పెట్టించాను. పని అప్పగించిన షాపువాళ్ళు ఐదు వారాలు తిప్పారు. తీరా షూటింగ్ రేంజ్‌కి వెళ్తే గుళ్ళు తలో దిక్కుకి పోతున్నాయి. చూస్తే స్కోపు మౌంట్ స్క్రూలు వదులు! ప్రయాణానికి ఎనిమిది రోజులే ఉంది, టెన్షన్ చెప్పక్కర్లేదు. నేనే టార్క్ డ్రైవర్ (కొలత ప్రకారం బిగించే స్క్రూడ్రైవర్) కొని బిగించుకున్నాను.

నోవా స్కోషియాలోని నార్త్ సిడ్నీ నుంచి దీవి మీది పోర్ట్ ఓ బాస్క్‌కి ఫెర్రీలో సుమారు ఏడు గంటలు. డబ్బు మిగులుతుందని రాత్రి కుర్చీల్లో కూర్చున్నాం, నిద్ర లేదు. క్యాబిన్ తీసుకోండి. దిగాక డీర్ లేక్ వరకు పగలే నడపండి, రాత్రిపూట రోడ్డు మీద మూస్‌లే ప్రమాదం. అక్కడి మోటెల్ ఒక్క రాత్రికి పర్వాలేదు.

ఔట్‌ఫిట్టర్ లాడ్జిలో గదులు చిన్నవే గానీ, కట్టెల పొయ్యి పక్కన బూట్లు ఆరబెట్టుకునే గది ఉంది. రోజంతా తడిసొచ్చాక దాని విలువ తెలిసింది. ఉప్పు మాంసం, క్యాబేజీ ఉడకేసి పెట్టే జిగ్స్ డిన్నర్‌లోకి మా ఆవకాయ బాగా కలిసొచ్చింది. ఇండియాలో ఇంటికి ఫోన్ చేయడమూ తేలికే: టొరంటో నుంచి తొమ్మిదిన్నర గంటల తేడా, న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి సరిగ్గా ఎనిమిది.

గైడ్ రైఫిల్ చూడగానే, "పక్కన నుంచునేది నేను, నా చెవులు పోతాయి, ఆ బ్రేక్ తీసెయ్" అన్నాడు. అది తీస్తే గుండు తగిలే చోటు మారుతుంది కాబట్టి ఆరు గుళ్ళు కాల్చి మళ్ళీ జీరో చేసుకున్నాను, అంటే స్కోపు గురిని గుండు తగిలే చోటుకి సరిచేసుకున్నాను. ప్యాడ్ ఇంకో తంటా. బట్ (రైఫిల్ వెనక భాగం) అరంగుళం పొడుగైంది. రేంజ్‌లో టీషర్టు మీద తెలియలేదు గానీ, కోటు వేసుకుంటే చంకలో తట్టుకుంది. పాత ప్యాడ్ కారులో ఉండబట్టి బతికాను. మీరైతే కోటు తొడుక్కునే కొలత చూసుకోండి.

నాలుగో రోజు పొద్దున, టకమోర్ అనే గిడసబారిన చెట్ల అంచున 70 మీటర్లలో మగ మూస్ నిలబడింది. 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే స్కోపుని 3 మీద నుంచి కదపలేదు. 180 గ్రెయిన్ల (దాదాపు 12 గ్రాముల) గుండు ఒక్కటి చాలింది. తన్నిందో లేదో గుర్తే లేదు.

మాంసం కోసి గడ్డకట్టించి ఇచ్చిన ఊరి కసాయి పని శుభ్రంగా ఉంది. తిరుగు ఫెర్రీకి క్యాబిన్ బుక్ చేశాం.